బరంపురంలో ఏసీల నిర్వహణకు ఏడాదికి ఎంత అవుతుంది? ముందు గ్యాస్ సంగతి తేల్చుకోండి

మీరు ఒడిశాలోని బరంపురంలో ఇల్లు కొన్నామని, పాత యజమాని వదిలివెళ్లిన ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీలు రెండున్నాయని, వాటికి ఏడాదికి ఎంత పక్కన పెట్టుకోవాలని అడిగారు. కంపెనీ వారి వార్షిక ఒప్పందం తీసుకోవాలా వద్దా అన్నది మీ రెండో ప్రశ్న. నేను గోపాల్‌పూర్ రోడ్డులో 2016 నుంచి ఉంటున్నాను. మా ఇంట్లోనూ ఏసీలు రెండే. బిల్లులన్నీ ఒక కవరులో దాచుకునే అలవాటు ఉంది కాబట్టి నా లెక్క చెబుతాను.

ఏ చిక్కూ రాని ఏడాదిలో ఒక్కో ఏసీకి పన్నెండు వందల నుంచి పదిహేను వందల రూపాయలు దాటదు. వేసవికి ముందు ఒకసారి, వర్షాలు తగ్గాక ఒకసారి నీళ్లతో కడిగే సర్వీసు చేయిస్తాను. నాకు తెలిసిన మెకానిక్ ఒక్కోసారికి 600 తీసుకుంటాడు. కంపెనీ మనిషి వస్తే పన్నుతో కలిపి దాదాపు రెట్టింపు. ఫిల్టర్లు కడగడానికి ఎవరికీ డబ్బు ఇవ్వనక్కరలేదు. ఎండాకాలంలో పదిహేను రోజులకోసారి కుళాయి కింద పెట్టి కడిగి, నీడలో ఆరబెట్టుకుంటే చాలు.

కానీ మన ఊళ్లో జేబుకు చిల్లు పెట్టేది సర్వీసు కాదు, గ్యాస్. ఆ విషయం నాకు మూడు వేసవులు పోయాక గాని అర్థం కాలేదు.

2017లో కొన్న ఏసీ 2019 ఏప్రిల్‌లో చల్లదనం ఇవ్వడం మానేసింది. వచ్చినతను ఒత్తిడి కొలిచే గేజీ పెట్టి చూసి, గ్యాస్ తగ్గిందని చెప్పి నింపాడు. 2,500 ఇచ్చాను. మరుసటి వేసవిలో మళ్లీ అదే మాట, 2,800. ఆ పై ఏడాది 3,000. మూడుసార్లూ వేరువేరు మనుషులు. మూడుసార్లూ అరగంటలో పని ముగించి వెళ్లిపోయారు. ఏసీ అన్నాక ఏటా గ్యాస్ పోయించాలి కాబోలని మా ఇంట్లో అందరం అనుకున్నాం. వంట గ్యాస్‌లా ఇదీ వాడేకొద్దీ అయిపోతుందని మా అమ్మ నమ్మకం. ఆ నమ్మకం తప్పని చెప్పవలసిన వాళ్లే చెప్పలేదు.

2022లో పొరుగింటి వారు ఒక పెద్దాయనను పంపారు. ఆయన ఒడియా మనిషి, తెలుగు మనలాగే మాట్లాడతారు. గేజీ బయటికి తీయకుండానే అడిగారు.

"గ్యాస్ ఎప్పుడు నింపించారు, ఆజ్ఞా?" ఒడియాలో ఆజ్ఞా అంటే అయ్యా అని.

"ఏటా నింపిస్తూనే ఉన్నామండీ."

"ఏటా నింపుతున్నారంటే ఏటా ఎటో పోతున్నట్టే కదా. ఎటు పోతోందో ఎవరూ వెతకలేదా?"

మేడ మీదికి వెళ్లి బయటి యూనిట్ మూత విప్పి, నన్ను దగ్గరికి రమ్మన్నారు. కాయిల్, అంటే గ్యాస్ తిరిగే రాగి గొట్టాల చుట్ట, దాని కింది మూలలో, గొట్టం వంపు తిరిగేచోట, అరచేయంత మేర నల్లగా జిడ్డు కట్టి ఉంది. దాని మీద దుమ్ము అతుక్కుపోయింది. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా కొద్దికొద్దిగా బయటికి వస్తుందని, ఆ జిడ్డు దాని జాడ అని చెప్పారు. చుట్టూ అల్యూమినియం రేకులు తెల్లని పొడిలా రాలిపోతున్నాయి. వేలితో నొక్కితే సుద్దముక్కలా నలిగాయి. రాగి మీద అక్కడక్కడా పచ్చటి చిలుము. ఆయన నైట్రోజన్ సిలిండర్ తగిలించి లోపల ఒత్తిడి పెంచి, సబ్బు నురుగును బ్రష్‌తో ఆ వంపుకు పూశారు. కాసేపు ఏమీ లేదు. తరవాత నురుగులోంచి ఆవగింజంత బుడగ ఒకటి లేచి, నెమ్మదిగా శనగగింజంత అయి పేలింది. దాని వెనకే ఇంకొకటి. మూడేళ్లలో నేను కట్టిన 8,300 రూపాయలూ ఆ కంటికి కనిపించని రంధ్రంలోంచే పోయాయి.

అతుకు వేస్తే 1,500తో సరిపోతుందని, అయితే కాయిల్ అంతా తుప్పు తినేసి ఉంది గనుక ఏడాదిలోపు ఇంకోచోట పోతుందని ఉన్నమాట చెప్పారు. కొత్త కాయిల్ 7,500, గ్యాస్ 2,800 అయింది. ఆ తరవాత ఇప్పటివరకు గ్యాస్ ముట్టుకోలేదు.

ఇది సముద్రపు గాలి చేసే పని. గోపాల్‌పూర్ తీరం మనకు పదిహేను పదహారు కిలోమీటర్ల దూరం. గాలిలోని ఉప్పు తేమతో కలిసి, రాగి అల్యూమినియం ఒకదానినొకటి తాకేచోట కాయిల్‌ను కొరుకుతుంది. మా బావగారు సముద్రానికి దూరంగా ఉన్న పర్లాకిమిడిలో అదే ఏడాది అదే రకం ఏసీ కొన్నారు. ఆయనకు ఇంతవరకు సర్వీసు ఖర్చు తప్ప వేరే ఖర్చు లేదు. అందుకే హైదరాబాదులోని బంధువులు చెప్పే లెక్కలు మన ఊరికి పట్టుకురాకండి.

దీనికి నేను చేస్తున్నది ఒకటే. నెలకోసారి మెయిన్ స్విచ్ ఆపి, బయటి యూనిట్ మీద తోట పైపుతో మామూలు నీళ్లు ధారగా పోసి ఉప్పు కడిగేస్తాను. ఒత్తిడి ఎక్కువైతే రేకులు వంగిపోతాయి, మెల్లగా పోయాలి. తళతళా మెరిపిస్తామని యాసిడ్ లాంటి మందు కొట్టే వాళ్లను మాత్రం దగ్గరికి రానివ్వకండి. మురికితో పాటు రేకులూ పోతాయి.

గ్యాస్ నింపించక తప్పనప్పుడు ఇలా అడగండి. బయటి యూనిట్‌కు అంటించిన పట్టీ మీద ఏ గ్యాసో, ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది. లీకు వెతికి మూసి, పంపుతో లోపలి గాలీ తేమా లాగేసి, సిలిండర్‌ను తూకం మీద పెట్టి అంతే బరువు ఎక్కించాలి. గేజీ చూసి ఉజ్జాయింపుగా పోసేది సరైన పద్ధతి కాదు. పట్టీ మీద ఆర్-22 అని ఉంటే అది పాత రకం. ఓజోన్ పొరను కాపాడడానికి దేశాలు చేసుకున్న మాంట్రియల్ ఒప్పందం ప్రకారం మన దేశంలో 2030 నాటికి ఆ కోవ గ్యాసుల వాడకాన్ని దాదాపుగా ఆపాలి. అలాంటి ఏసీకి కొత్త కాయిల్ మీద డబ్బు పెట్టమని నేను చెప్పను. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది గనుక కొత్తది కొనడమే నయం. ఆర్-32 అని ఉంటే దానికి కొద్దిగా మండే గుణం ఉంది. గ్యాస్ పూర్తిగా బయటికి తీయకుండా అతుకు కోసం మంట పెట్టనివ్వకండి.

వార్షిక ఒప్పందం గురించి. విడిభాగాలతో కలిపి ఒక్కో ఏసీకి దాదాపు ఆరు వేలు చెప్పారు. సంతకం పెట్టేముందు చిన్న అక్షరాలు చదివితే, ఉప్పుగాలి వల్ల వచ్చే తుప్పుకు బాధ్యత లేదని ఉంది. మనకు వచ్చే అసలు రోగానికే మందు లేదన్నమాట! నేను తీసుకోలేదు. ఆ ఆరు వేలలో పదిహేను వందలు సర్వీసుకు పోగా, మిగిలింది ఏటా పక్కన వేస్తే కాయిల్‌కు అదే అక్కరకు వస్తుంది. మీ ఒప్పందంలో ఆ షరతు లేకపోతే మాత్రం ఆలోచించవచ్చు.

తక్కినవి చిన్నవి. బల్లి దూరి ఒకసారి ఏసీ లోపలి సర్క్యూట్ బోర్డు కాలింది, బాగు చేయించడానికి 3,200. నీళ్లు పోయే పైపు పూడుకుపోతే గోడ తడుస్తుంది, సర్వీసులో దాన్ని ఊదించమనండి. బయటి యూనిట్ ఇనుప స్టాండు మాత్రం చిన్న విషయం కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వెళ్లాక చూసుకుంటే మా స్టాండు బోల్టులు నాలుగింటిలో రెండు తుప్పుకు తెగి ఉన్నాయి. కింద పిల్లలు ఆడుకునే సందు. వెంటనే స్టాండు మార్చి, స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు వేయించాను. 1,400 అయింది. మీవి పాత యజమాని నాటివి కాబట్టి ముందు ఇవే చూడండి, తరవాత కాయిల్ కింది మూలలో జిడ్డు మరక ఉందో లేదో చూడండి.

ఇదంతా ఫిబ్రవరిలోనే చేయించుకోండి. మన ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణి జాతర జరిగే ఏడాదైతే ఇంకా ముందే. జాతర నెలలో ఇంటింటా చుట్టాలు దిగుతారు, ప్రతి గదిలో ఏసీ నడుస్తుంది, మంచి మెకానిక్ వారం రోజులైనా దొరకడు.