మోకాలి గుజ్జు చిరిగితే గ్రోత్ ఫ్యాక్టర్ ఇంజెక్షన్‌తో మళ్లీ వస్తుందా?

ప్రశ్న: నా వయసు 36, పాలకొల్లు దగ్గర రొయ్యల చెరువులు చూసుకుంటా. 5 నెలల కిందట గట్టు మీద కాలు జారి మోకాలు మెలిపడింది. ఎంఆర్ఐలో మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే గుజ్జు) చిరిగిందని, కార్టిలేజ్ (ఎముక చివర్లని కప్పే నున్నటి గుజ్జు పొర) కూడా కొంత దెబ్బతిందని రాశారు. అప్పుడప్పుడు మోకాలు పట్టేసి చాపలేకపోతున్నా. ఊళ్లో ఆర్ఎంపీ గారు మోకాల్లో 3 ఇంజెక్షన్లు చేశారు, పది రోజులు బాగుండి మళ్లీ మామూలే. రోజూ నొప్పి బిళ్ల వేసుకుంటున్నా. షుగర్ బోర్డర్‌లో ఉంది. గ్రోత్ ఫ్యాక్టర్ ఇంజెక్షన్ చేయించుకుంటే ఆపరేషన్ లేకుండా గుజ్జు మళ్లీ వస్తుందంటున్నారు, ఎన్ని డోసులు పడతాయి?

జవాబు: డోసుల సంగతి తర్వాత చూద్దాం అండి, ముందు ఆ మోకాలు పట్టేయడం నాకు నచ్చలేదు. చిరిగిన మెనిస్కస్ ముక్క ఎముకల మధ్యకి మడతపడితే ఇలాగే అవుద్ది. చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, అదే అయితే ఏ ఇంజెక్షనూ దాన్ని వెనక్కి నెట్టలేదు, ఆర్థోస్కోపీలో (చిన్న రంధ్రంలోంచి కెమెరా పెట్టి చేసే ఆపరేషన్) సర్ది వీలైతే కుట్టాలి, అదీ త్వరగా, ఎందుకంటే ఆ ముక్క నలిగే కొద్దీ కుట్టడానికి పనికిరాకుండా పోతుంది, పక్కనున్న మంచి కార్టిలేజ్‌ని కూడా గీకేస్తుంది. ఇంకో రొయ్యల పట్టుబడి అయ్యాక వెళ్తానంటే నేను ఒప్పుకోను.

ఇక మీరడిగింది. కార్టిలేజ్‌కి రక్తనాళాలు లేవు, మెనిస్కస్‌కి బయటి అంచు వైపే ఉంటాయి, అందుకే ఇవి వాటంతటవి మానడం కష్టం. గ్రోత్ ఫ్యాక్టర్ అంటే కణాలు పెరగడానికి, గాయం మానడానికి తోడ్పడే ప్రోటీన్. మన దగ్గర ఆ పేరుతో చేసేది ఎక్కువగా పీఆర్‌పీ, అంటే మీ రక్తమే తీసి మెషీన్‌లో తిప్పి ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని కీలులోకి ఎక్కించడం, ఆ ప్లేట్‌లెట్ల నుంచి గ్రోత్ ఫ్యాక్టర్లు విడుదలవుతాయి. కొందరికి నొప్పి తగ్గుతుంది, కాదనను. కానీ ఆస్ట్రేలియాలో మోకాళ్ల అరుగుదల ఉన్న 288 మందిలో సగం మందికి పీఆర్‌పీ, సగం మందికి ఉత్త సెలైన్ ఇచ్చి ఏడాది చూస్తే (2021లో వచ్చింది) నొప్పిలో గానీ కార్టిలేజ్‌లో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. స్ప్రిఫెర్మిన్ అని ల్యాబ్‌లో తయారుచేసిన గ్రోత్ ఫ్యాక్టర్ ఉంది, 2019లో వచ్చిన ఫలితాల్లో రెండేళ్లకి కార్టిలేజ్ మందం పెరిగింది, కాకపోతే మిల్లీమీటర్‌లో వందో వంతుల లెక్క, నొప్పి మాత్రం డమ్మీ ఇంజెక్షన్ కంటే పెద్దగా తగ్గలేదు. ఇవి రెండూ అరుగుదల కేసులు, మీది దెబ్బ, అయినా చిరిగింది ఇంజెక్షన్‌తో అతుక్కుంటుందని గ్యారంటీ ఇచ్చేవాళ్లని నమ్మకండి. గండి పడ్డ గట్టుకి నీరు ఆపకుండా మట్టి పోస్తే నిలుస్తుందా? ఇదీ అంతే, లోపల ముక్క కదులుతున్నా, లిగమెంట్ (ఎముకల్ని కలిపి పట్టే నార) వదులైనా ముందు దాన్ని సరిచేయాలి. కుట్టేటప్పుడు తోడుగా పీఆర్‌పీ వాడే సర్జన్లు ఉన్నారు, అవసరమా కాదా అన్నది ఆపరేషన్ చేసేవాళ్లే చెప్పాలి.

నాకు ఎక్కువ భయం వేసింది ఆ 3 ఇంజెక్షన్ల గురించి. అందులో ఏముందో మీకు తెలుసా, చీటీ ఏమైనా ఇచ్చారా? పది రోజులు బాగుండి మళ్లీ రావడం చూస్తే స్టెరాయిడ్ అయి ఉండొచ్చు. స్టెరాయిడ్ చెడ్డమందు కాదు, సరైన కేసులో నేనూ వాడతా, కానీ మూణ్నెల్లకోసారి చొప్పున రెండేళ్లు మోకాల్లో వేసి చూసిన ట్రయల్‌లో కార్టిలేజ్ ఎక్కువ తరిగింది, నొప్పిలో లాభం కూడా లేదు, అంటే గుజ్జు కోసం తాపత్రయపడుతూ ఉన్న గుజ్జునే పోగొట్టుకుంటున్నట్టు. మీకు షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు, స్టెరాయిడ్ తర్వాత కొన్ని రోజులు అది పెరుగుతుంది. శుభ్రత సరిగ్గా లేకుండా కీలులో సూది పెడితే చీము పట్టే ప్రమాదం కూడా ఉంది. మోకాలు ఎర్రబడి వేడిగా వాచి, జ్వరం వచ్చి, కాలు కదపలేకపోతే రాత్రయినా సరే ఆసుపత్రికి పోవాలి, తెల్లారేదాకా చూడొద్దు.

రోజూ వేసుకునే నొప్పి బిళ్ల ఏదో పేరు రాయలేదు. చెరువుల మీద ఎండలో చెమటోడుస్తూ, నీళ్లు సరిగ్గా తాగకుండా నెలల తరబడి అవి మింగితే కిడ్నీ మీద, కడుపు మీద పడుతుంది. ఒకసారి క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), బీపీ, హెచ్‌బీఏ1సీ (మూణ్నెల్ల సగటు షుగర్) చూపించుకోండి.

ఈ వారంలోనే కాకినాడ జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) ఆర్థో ఓపీకి గానీ, భీమవరం, రాజమండ్రిలో ఆర్థోస్కోపీ చేసే డాక్టర్ దగ్గరకి గానీ వెళ్లండి, ఎంఆర్ఐ రిపోర్ట్ కాగితం ఒక్కటే కాదు ఫిల్ములు, సీడీ కూడా పట్టుకెళ్లండి, చాలామంది అవి ఇంట్లో వదిలేసి వస్తారు. ఏసీఎల్ (మోకాలి లోపలి ముఖ్యమైన లిగమెంట్) కూడా తెగిందేమో ప్రత్యేకంగా అడగండి. అప్పటిదాకా గొంతుక్కూర్చోవడం, మోకాలు మడిచి తిప్పే పనులు మానండి, గట్టు మీద తడిలో నడవకండి, పట్టేసినప్పుడు ఎవరితోనూ బలవంతంగా లాగించుకోకండి. ఆర్ఎంపీ గారు ఇంకో సూది చేస్తానన్నా వద్దని చెప్పండి, అంతకుముందు చేసిన మందు పేరు మాత్రం ఒక కాగితం మీద రాయించుకోండి, డాక్టర్‌కి అది కావాలి.