ఎక్స్‌ట్రా పని అడిగిన రోజే రాసుకో బిడ్డా

హుజూరాబాద్ నుంచి

చిరంజీవి బిడ్డకు పెద్దబాపు ఆశీస్సులు.

మొన్న రాత్రి ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి నా మనసంతా నీ సైటు మీదే ఉంది. హసన్‌పర్తి రోడ్డులో 200 గజాల జాగలో, నీ సొంత పేరు మీద మొదటి ఇల్లు కట్టే కాంట్రాక్టు ఒప్పుకున్నావంటే ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. కానీ నువ్వు చివర్లో ఒక మాట అన్నావు. "ఇంకా ముగ్గే పోయలేదు పెద్దబాపూ, ఇంటాయన అప్పుడే మూడు మార్పులు చెప్పిండు. కాదంటే ఏమనుకుంటడో" అని. దానికి ఫోన్‌లో సరైన జవాబు చెప్పలేకపోయాను. రెండు రోజులు ఆలోచించి ఈ ఉత్తరం రాస్తున్నాను. నిదానంగా చదువు.

ఈ పనిలో నాకు 34 ఏళ్లు గడిచాయి. నష్టం వచ్చిన ఇళ్లన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటే, సిమెంటు ధరో ఇనుము ధరో పెరిగి పోయినవి తక్కువ. చిన్న చిన్న పనులు నోటిమాట మీద ఒప్పుకుని, చివర్లో వాటి లెక్క తేలక పోయినవే ఎక్కువ.

అందులో ఒకటి నీకు ఎప్పుడూ చెప్పలేదు. నువ్వు పుట్టకముందు కాజీపేటలో ఒక పెద్దమనిషికి ఇల్లు కట్టాను. చాలా మంచివాడు. సాయంత్రం కాగానే సైటుకు వచ్చి, కూలీలందరికీ చాయ్ తెప్పించేవాడు. పైన ఒక పూజగది కావాలన్నాడు, వెనక అంట్లు తోమే చోటికి కప్పు వేయమన్నాడు, కాంపౌండు గోడ ఇంకో రెండు అడుగులు లేపమన్నాడు. ప్రతిసారీ "నువ్వు పని కానియ్, లెక్క ఆఖరుకు చూసుకుందాం" అనేవాడు. ఆయన మాట మీద నాకు అప్పుడూ అనుమానం లేదు, ఇప్పుడూ లేదు. ప్లాస్టరింగ్ నడుస్తుండగా ఒక రాత్రి గుండెపోటుతో పోయాడు. కర్మలన్నీ అయ్యాక కొడుకులు అగ్రిమెంట్ తీసి చూశారు. అందులో పూజగది లేదు, కప్పు లేదు, రెండు అడుగుల గోడా లేదు. "నాయిన చెప్పిండని మాకెట్ల తెలుస్తది?" అని అడిగారు. వాళ్లు అడిగిన దాంట్లో తప్పేముంది? నా దగ్గర ఒక్క చీటీ లేదు. మేస్త్రీకీ కూలీలకూ బాకీ కట్టడానికి, స్లాబు పోసేటప్పుడు కింద పరిచే నా సెంట్రింగ్ ప్లేట్లు అమ్మాను. మళ్లీ కొనుక్కోవడానికి మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లు ఇల్లు ఎలా నడిపిందో మీ పెద్దమ్మను అడుగు.

ఇంటాయన మంచివాడైనా సరే, నీకు దగ్గరి చుట్టమైనా సరే, రాసుకోవాల్సిందే. దుకాణంలో దొరికే కార్బన్ బుక్కు ఒకటి కొను, మామూలు బిల్లు పుస్తకం లాంటిదే. అడిగిన ప్రతి మార్పుకూ ఒక నంబరు వెయ్యి. తేదీ, ఎవరు అడిగారు, ఏ పని, కొలతలు ఎంత, డబ్బు ఎంత, పనికి ఎన్ని రోజులు పెరుగుతాయి, కింద సంతకం. ఒక కాపీ ఆయనకు, ఒకటి నీకు. ఈ కాలంలో వాట్సాప్‌లో చెప్పేస్తారు. వాయిస్ మెసేజ్ వస్తే దాన్ని అక్షరాల్లో రాసి తిరిగి పంపు, "సరే" అని జవాబు వచ్చాకే పని మొదలుపెట్టు. పని తగ్గినా రాయాలి. హాల్లో మార్బుల్ అనుకున్నది టైల్స్‌కు మారితే, ఆ తేడా ఆయనకు తగ్గించి అదే పుస్తకంలో చూపించు. నువ్వు తగ్గింపు కూడా రాస్తున్నావని ఒక్కసారి చూస్తే, పెరిగిన దాని మీద ఆయన నీతో వాదించడు. ఇది నేను ఎన్నో ఇళ్ల దగ్గర చూశాను.

నంబరు ఎందుకు అంటావేమో. మన వేయిస్తంభాల గుడి కళ్యాణ మండపం సంగతి నీకు తెలుసు కదా. రాయి రాయీ విప్పి, మళ్లీ నిలబెట్టి, 2024 మార్చిలో తెరిచారు. అన్నేళ్లు రాళ్లు బయట పడి ఉన్నా మళ్లీ వాటి చోటికే చేరాయంటే, వాటికి నంబర్లు వేసి పెట్టుకోవడం వల్లే. నేను తెరిచిన కొత్తలో వెళ్లి ఆ స్తంభాల దగ్గర చాలాసేపు నిలబడ్డాను. నువ్వూ ఒకసారి పోయి చూడు, మన పనివాళ్లకు అది చూడవలసిన చోటు.

ఇక అగ్రిమెంట్ సంగతి. చదరపు అడుగు రేటుకు ఒప్పుకున్నప్పుడు అసలు గొడవ రేటు దగ్గర రాదు, ఏది కొలుస్తారు అన్న దగ్గర వస్తుంది. కింద మీద గదుల స్లాబు అందరూ లెక్కిస్తారు. మెట్ల మీద కట్టే గది, అదే హెడ్‌రూమ్, లెక్కలోకి వస్తుందా? బాల్కనీ పూర్తిగానా, సగమా? సజ్జలు, సంపు, సెప్టిక్ ట్యాంకు, కాంపౌండు గోడ, పిట్టగోడ, గేటు, బోరు? నీ ప్లాన్‌లో హెడ్‌రూమ్ 10 అడుగులు బై 16, ముందు బాల్కనీ 24 బై 4 అన్నావు. రెండూ కలిపితే 256 చదరపు అడుగులు. రేటు 1,800 రూపాయలు అనుకుందాం, 4,60,800 అవుతుంది. నీకు మిగిలేది అంత ఉంటుందా ఈ ఇంటి మీద? ఉండదు. కాబట్టి రేటు మాట్లాడే ముందే ప్లాన్ మీద ఎర్ర పెన్నుతో కొలిచే జాగ అంతా గీసి సంతకం పెట్టించు. "ఇందులో లేనివి" అని ఇంకో కాగితం రాయి. ఏం చేస్తామో అందరూ రాస్తారు కానీ ఏం చెయ్యమో రాయడానికి మొహమాటపడతారు. పునాది తవ్వుతుంటే బండ తగిలితే ఎవరి ఖర్చు అన్నది అందులో మొదటి లైను. మన దగ్గర ఆరు ఇంచుల చెలక మట్టి కిందే గట్టి బండ ఉండొచ్చు. పక్క ప్లాట్లో నల్లరేగడి నిలువెత్తు లోతుకు ఉండొచ్చు. ముందే గుంత తీసి చూడకుండా పునాది లోతుకు మాట ఇవ్వకు.

ఇప్పుడు ఇంటాయన గురించి. మార్పులు చెప్పేవాడి మీద కోపం తెచ్చుకోకు. కాగితం మీది గీతలు నీకు గదుల్లాగా కనబడతాయి, ఆయనకు గీతల్లాగే కనబడతాయి. గోడ నడుము ఎత్తుకు లేచినప్పుడే "అయ్యో, గింత చిన్నగున్నదా" అంటాడు. అప్పటికి నీ ఇటుకా సిమెంటూ పోయి ఉంటాయి. అందుకని తవ్వకం మొదలుపెట్టకముందే ఒక ఆదివారం పొద్దున, లోపలి గోడలతో సహా ప్లాన్ మొత్తం నేల మీద ముగ్గుతో పోయించు. ఆయన్ను, ఇంటామెను, ఉంటే వాళ్ల అమ్మనూ పిలువు. పడకగదిలో ఆరు అడుగుల మంచం ముగ్గుతోనే గీసి చూపించు, బీరువా గియ్యి, తలుపు ఎటు తెరుచుకుంటుందో గియ్యి. వాళ్లను లోపల నడవనివ్వు. వంటగదిలో ఇంటామెను నిలబెట్టి, గట్టు ఎంత ఎత్తు కావాలో ఆమె చేతిని బట్టి కొలువు. 32 ఇంచులు చాలేవాళ్లు ఉంటారు, 34 కావాల్సినవాళ్లు ఉంటారు. గట్టు మీద నల్లరాయి పరిచాక పగలగొట్టించిన ఇళ్లు నేను మూడు చూశాను. మూడింట్లోనూ వంట చేసే మనిషిని ఎవరూ అడగలేదు.

వాస్తు చూసే ఆయన్ను కూడా అదే రోజు పిలిపించు. వాళ్లు ఎవరిని నమ్ముతారో ఆయన్నే. ఆయన కూడా ప్లాన్ మీద సంతకం పెట్టాలి. దర్వాజా నిలబెట్టే ముహూర్తానికి వాళ్ల మేనమామో బావమరిదో వచ్చి "మెట్లు ఇటు తిరగొద్దు" అంటాడు, అది మన దగ్గర ప్రతి ఇంటికీ ఉన్నదే. అప్పుడు నువ్వు వాదించనక్కర్లేదు, ఆ సంతకం చూపిస్తే వాళ్లలో వాళ్లే మాట్లాడుకుంటారు.

నువ్వు చెప్పిన మూడు మార్పుల్లో మెట్ల కింద బాత్రూమ్ ఒకటి. "చిన్నదే గదా" అన్నాడట. నీతో పాటు కూర్చున్నట్టే లెక్క వేద్దాం. ఇంటి ముందు వైపు మెట్లున్నాయి, సెప్టిక్ ట్యాంకు వెనక మూల. మధ్య దూరం 40 అడుగులు అనుకో. నాలుగు ఇంచుల పైపుకు 40కి ఒకటి వాలు ఇవ్వాలి, అంటే వెనక మూలకు చేరేసరికి పైపు ఒక అడుగు కిందికి దిగుతుంది. నీ ట్యాంకులోకి పైపు చేరే మట్టం వెనక బాత్రూముల కోసం ఇప్పటికే ఖాయమైంది. అంటే ట్యాంకు ఇంకా లోతుకు పోవాలి, లేదా బాత్రూమ్ నేల పైకి లేవాలి. నేల లేపితే మెట్ల కింద తల తగులుతుంది. ట్యాంకు దించితే తవ్వకం, గోడలు, కింద బండ ఉంటే బండ. దారిలో ఛాంబర్లు కట్టాలి. ఇవి కాక నీళ్ల లైను, వెంటిలేటర్, తలుపు, టైల్స్, కమోడ్, లైటు పాయింటు. ఇదంతా ఒక కాగితం మీద రాసి, డబ్బూ రోజులూ పక్కన వేసి ఆయన ముందు పెట్టు. "వద్దు" అని నీ నోటితో అననే వద్దు. సగం మంది ఆ కాగితం చూసి వాళ్లే వద్దంటారు. మిగతా సగం మంది డబ్బు ఇచ్చి చేయించుకుంటారు, అది మనకూ మంచిదే.

రోజుల మాట తప్పకుండా రాయమన్నాను కదా. ఎవరైనా డబ్బు దగ్గర బేరం ఆడతారు, రోజుల దగ్గర ఊరికే తల ఊపుతారు. పైన ఒక చిన్న గది పెంచినా సెంట్రింగు, ఇనుము, స్లాబు అన్నీ మళ్లీ మొదటి నుంచే. స్లాబు పోశాక కింది సపోర్టులు, స్లాబును మోసే గోడల మధ్య దూరం (స్పాన్) 15 అడుగుల లోపైతే కనీసం 7 రోజులు, అంతకు మించితే కనీసం 14 రోజులు ఉంచాలి. ఇప్పుడు వచ్చే, బూడిద కలిసిన పీపీసీ సిమెంటుకు కనీసం 10 రోజులు నీళ్లు పట్టాలి. పత్తి ఏరే కాలం వస్తే ఊళ్ల నుంచి వచ్చే కూలీలు సగమవుతారు. రెండేళ్లకోసారి మాఘంలో మేడారం జాతర వస్తే సైటు మీద మనిషి దొరకడు, నువ్వూ ఆశించకు. జ్యేష్ఠంలో గృహప్రవేశం అనుకున్నవాళ్లకు పది రోజులు ఆలస్యమైతే ఆషాఢం అడ్డం వచ్చి శ్రావణం దాకా ఆగాలి. ఆ మధ్య కిరాయి ఆయనే కట్టుకోవాలి, కోపం మాత్రం నీ మీద ఉంటుంది. ఈ లెక్క ముందే చెప్పు, పంచాంగం పక్కన పెట్టుకునే చెప్పు.

కొన్నింటికి మాత్రం కాగితం కూడా వద్దు, నేరుగా కాదనాలి. కింద, పైన ఒక అంతస్తుకు లెక్క వేసిన పునాది మీద ఇంకో అంతస్తు అడిగితే కాదను. ఆన్‌లైన్‌లో మన ఇళ్లకు పర్మిషన్ వెంటనే వస్తుంది, కానీ అది ఓనరు సొంతంగా రాసిచ్చిన మాట మీద వచ్చేది. దానికి మించి కడితే కూలగొట్టే అధికారం మున్సిపాలిటీ వాళ్లకుంది. పిల్లర్ జరపమంటే కాదను. కింద బీము లేని చోట స్లాబు మీద గోడ కట్టమంటే కాదను. నాలుగున్నర ఇంచుల గోడే అంటారు. పది అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు గోడ రెండు టన్నుల బరువు, అదంతా ఒక గీత మీద పడుతుంది. ఆ గది కింద వాళ్ల పిల్లలు పడుకుంటారు. అక్కడ నువ్వు కొంచెం కూడా మెత్తబడకు, పని పోయినా సరే.

ఇంకొకటి. నువ్వు చిన్నదానివి, పైగా ఆడపిల్లవి కాబట్టి కొందరు నిన్ను దాటేసి నేరుగా మేస్త్రీకే చెప్తారు. మొదటి రోజే మేస్త్రీని కూర్చోబెట్టి చెప్పు: "అమ్మ పుస్తకంలో నంబరు పడనిది నేను కట్టను" అని ఆయనే ఓనరుకు చెప్పాలి. నంబరు లేకుండా చేసిన పనికి కూలి రాదని చెప్పు. నంబరున్న పనికి మాత్రం శనివారం సాయంత్రానికల్లా ఒక్క రూపాయి తగ్గకుండా ఇవ్వు. ఎక్స్‌ట్రాకు సగం డబ్బు ముందే తీసుకోకపోతే నువ్వు అలా ఇవ్వలేవు, అది కూడా చూసుకో.

ముగ్గు పోసే ఆదివారం నాకు చెప్పు. పొద్దున మొదటి బస్సుకు వచ్చేస్తాను. నా 100 అడుగుల స్టీలు టేపు తెస్తాను, నీ దగ్గరున్న గుడ్డ టేపు సాగుతుంది. నా పాత ఎక్స్‌ట్రాల పుస్తకాలు కూడా రెండు సంచిలో పెట్టాను. కాజీపేట ఇల్లు అయ్యాక మొదలుపెట్టినవి అవి. ఏ పనికి ఎలా రాశానో చూసుకో. పెద్దమ్మ సర్వపిండి చేసి పంపుతానంటోంది.

పెద్దబాపు