ఓపియాయిడ్ ఓవర్‌డోస్ ప్రథమ చికిత్స నేర్పాలంటే డాక్టరో నర్సో అయి ఉండాలా?

అక్కర్లేదు, సరైన శిక్షణ పొందిన మామూలు వాలంటీర్ కూడా పది మందికి నేర్పగలరు. ఇక్కడ నేర్పేది వైద్యం కాదు, అంబులెన్స్ వచ్చేదాకా ఊపిరి ఆగకుండా చూడటం. ఓపియాయిడ్లంటే హెరాయిన్, మార్ఫిన్ లాంటి మత్తుమందులు, ఇవి మోతాదు మించితే (అదే ఓవర్‌డోస్) శ్వాసను నడిపించే మెదడు భాగం మందగిస్తుంది. ఆక్సిజన్ అందకపోతే కొన్ని నిమిషాల్లోనే మెదడు దెబ్బతింటుంది. బెంగళూరు ట్రాఫిక్ సంగతి తెలిసిందే కదా, అంబులెన్స్ వచ్చేదాకా పక్కనున్నవాళ్లే దిక్కు. అలా పక్కన ఉండే అవకాశమున్నవాళ్లకు విరుగుడు మందు నలాక్సోన్ అందుబాటులో ఉంచి, వాడకం నేర్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే చెప్పింది.

ఉదాహరణకు మారతహళ్లిలో ఒక పీజీ అనుకోండి. రూమ్‌మేట్ తట్టి లేపినా లేవడం లేదు, గొంతులో గురగుర, పెదవులు నీలంగా మారాయి, కనుపాపలు గుండుసూది తలంత అయ్యాయి. శిక్షణ ఉన్నవాళ్లు వెంటనే 108కి ఫోన్ చేస్తారు. తల వెనక్కి వంచి, 5 సెకన్లకొకసారి నోటితో ఊపిరి అందిస్తారు. నాడి కూడా లేకపోతే సీపీఆర్, అంటే ఛాతీని నొక్కుతూ ఊపిరి అందించడం, మొదలుపెడతారు. వాలంటీర్ దీన్ని బొమ్మ మీద చేసి చూపించి, ఎదుటివాళ్లతో మళ్లీ చేయించాలి. ఉపన్యాసం వింటే చేతికి రాదు.

చాలామంది పొరపడేది నలాక్సోన్ దగ్గరే. మనిషి లేచి కూర్చుంటే గండం గడిచిందనుకుంటారు. కానీ నలాక్సోన్ ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే. లోపలి మత్తుమందు అంతకన్నా ఎక్కువసేపు ఉంటే శ్వాస మళ్లీ ఆగొచ్చు. లేచినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.