జీతం చీటీలో 153 రూపాయలు

ప్రశ్న: మేము ఒడిశాలోని రాయగడలో ఉంటాం. మా వారికి 47 ఏళ్లు. ఇక్కడే ఒక కర్మాగారంలో మెషీన్ ఆపరేటరుగా పని చేస్తున్నారు. హెపటైటిస్ బి వల్ల కాలేయం గట్టిపడిందని, అది సిరోసిస్ అని నాలుగేళ్ల కిందట తెలిసింది. మందులు వాడుతూ బాగానే ఉండేవారు. మొన్న సెప్టెంబరులో డెంగీ వచ్చింది. మొదటి మూడు రోజులు మందుల షాపు నుంచి జ్వరానికీ ఒళ్లు నొప్పులకీ మాత్రలు తెచ్చి వేశాను. నాలుగో రోజుకు కళ్లు పచ్చబడి, పొట్ట ఉబ్బింది. రాత్రికి రాత్రి విశాఖపట్నం తీసుకువెళ్లాం. తొమ్మిది రోజులకు 2,36,000 అయింది. బంగారం తాకట్టు పెట్టి 1,20,000, నూటికి మూడు రూపాయల వడ్డీకి 50,000, మా అన్నయ్య దగ్గర 40,000 తెచ్చాం. మిగతాది ఇంట్లో దాచుకున్నది. రెండు నెలలు జీతం లేదు. ఇప్పుడు మళ్లీ పనికి వెళుతున్నారు. పదకొండేళ్లుగా కడుతున్న ఎల్ఐసీ పాలసీని రద్దు చేసి అప్పు తీర్చమంటారా? అమ్మాయి పేరున ఉన్న సుకన్య సమృద్ధి పొదుపు ఖాతా మూసేయాలా? జబ్బు సంగతి రాయకుండా ఆరోగ్య బీమా తీసుకోమని ఒక ఏజెంటు అంటున్నారు. ఆంధ్రలో పార్వతీపురంలో ఉండే అన్నయ్య తమ ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డులో మా వారి పేరు ఎక్కిస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీరు పంపిన కాగితాల ఫోటోల్లో మీ వారి జీతం చీటీ ఉంది. మడత పడిన చోట అంకెలు సగం చెరిగిపోయాయి. కోతల వరుసలో మాత్రం ఒక అంకె స్పష్టంగా కనిపిస్తోంది: ఈఎస్ఐ, 153. ఈఎస్ఐ అంటే ఉద్యోగులకు వైద్యం, అనారోగ్య భృతి ఇచ్చే ప్రభుత్వ బీమా. మీ ఉత్తరం మొత్తంలో ఆ మాటే లేదు. అందుకే మీరు అడిగినవి కాసేపు పక్కన పెట్టి, మీరు అడగని దాంతోనే మొదలుపెడతాను.

మీ వారి జీతం 20,400. అందులో 0.75 శాతం, అంటే నెలకు 153 రూపాయలు, ఆయన వాటాగా ఈఎస్ఐకి వెళుతోంది. దానికి తోడు యాజమాన్యం 3.25 శాతం, అంటే 663 రూపాయలు కట్టాలి. ఈ డబ్బుకు బదులుగా మీ వారికే కాదు, మీకూ అమ్మాయికీ కూడా వైద్యం అందాలి. పాత జబ్బు అని పక్కకు నెట్టడం, ఇన్నేళ్లు ఆగండి అనడం అక్కడ ఉండవు. మీ ఊరికి ఆనుకునే ఉన్న జేకే పూర్‌లో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. అక్కడ కుదరని వైద్యానికి వాళ్లే ఒప్పందం ఉన్న పెద్ద ఆసుపత్రికి రాసి పంపుతారు. ఆ రాసి పంపే కాగితం లేకుండా నేరుగా వెళ్లడం వల్లే మీ మీద ఇంత భారం పడింది. తప్పు మీది కాదు. ఆ రాత్రి ఎవరున్నా అలాగే పరుగెత్తేవారు.

జీతం రాని ఆ రెండు నెలల విషయం కూడా ఇక్కడే తేలాలి. ఈఎస్ఐలో ఉన్నవారు అనారోగ్యంతో పనికి వెళ్లలేకపోతే, చందా (జీతంలోంచి కోసే వాటా) కట్టిన రోజుల నిబంధనకు సరిపోయినప్పుడు, ఏడాదిలో 91 రోజుల వరకు సగటు వేతనంలో 70 శాతం చెల్లిస్తారు. మీ లెక్కలో అది నెలకు 14,000 పైమాటే. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. దీర్ఘకాలిక జబ్బులకు విడిగా ఒక జాబితా ఉంది. పొట్టలో నీరు చేరిన సిరోసిస్, దీర్ఘకాలిక హెపటైటిస్ అందులో ఉన్నాయి. రెండేళ్లకు తక్కువ కాని ఉద్యోగం, అందులో 156 రోజుల చందా ఉంటే, ఆ జాబితాలోని జబ్బుకు 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా చెల్లించే వీలుంది. డిశ్చార్జి కాగితం, బిల్లులు, పరీక్షల నివేదికలు పట్టుకుని ఈ వారమే ఈఎస్ఐ శాఖా కార్యాలయానికి వెళ్లండి. ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్ లేదు కాబట్టి మొదట కాదనవచ్చు. ఇతర ఆధారాలను పరిశీలించమని రాతపూర్వకంగా అడగండి, అర్జీ అందినట్టు ముద్ర వేయించుకోండి. అత్యవసరంగా బయటి ఆసుపత్రిలో చేరినందుకు ఖర్చు తిరిగి ఇవ్వమని మరో అర్జీ పెట్టండి. 2,36,000 మొత్తం వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. ఇస్తే ప్రభుత్వ ధరల ప్రకారం ఇస్తారు. ఎంత వచ్చినా అది మీ హక్కు.

ఇప్పుడు జ్వరం గురించి. నేను డాక్టరును కాను. అయినా ఇలాంటి ఇళ్ల లెక్కలు చూస్తున్న మనిషిగా ఇది చెప్పకుండా ఉండలేను. మామూలు ఇంట్లో జ్వరమంటే నాలుగు రోజుల సెలవు. కాలేయం గట్టిపడిన ఇంట్లో అదే జ్వరం ఆసుపత్రి ఖర్చు. డెంగీ వైరస్ కాలేయాన్ని కూడా దెబ్బ తీస్తుంది. సిరోసిస్ ఉన్నవారిలో ప్లీహం పెరిగి ప్లేట్‌లెట్లు ముందే తక్కువగా ఉంటాయి, డెంగీ వాటిని ఇంకా పడేస్తుంది. మీరు పంపిన బిల్లుల కట్టలో అన్నిటికంటే చిన్నది మందుల షాపు చీటీ, 84 రూపాయలది. అందులో ఒళ్లు నొప్పుల మాత్ర డైక్లోఫెనాక్. సిరోసిస్ ఉన్నవారికి ఆ జాతి మందులు మూత్రపిండాలను దెబ్బ తీయవచ్చు, రక్తస్రావం తేవచ్చు. పారాసెటమాల్ కూడా డాక్టరు చెప్పిన మోతాదు దాటకూడదు. ఇకపై జ్వరం వచ్చిన మొదటి రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, మందుల షాపుకు కాదు.

టీకాలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఫ్లూ, న్యుమోనియా, హెపటైటిస్ ఎ టీకాల గురించి కాలేయ వైద్యుడిని అడగండి. నీళ్ల ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ, ఇ సిరోసిస్ ఉన్న మనిషికి ప్రాణం మీదికి తెస్తాయి. వానాకాలంలో నీళ్లు కాచి తాగండి, దోమతెర వాడండి. మీరూ అమ్మాయీ హెపటైటిస్ బి పరీక్ష చేయించుకోండి, లేదని తేలితే టీకా వేయించుకోండి. మందుల బిల్లులో హెపటైటిస్ బి మాత్ర టెనోఫోవిర్‌కు ప్రతి నెలా మీరు డబ్బు పెడుతున్నట్టుంది. జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం 2018 జులై 28న మొదలైంది. దాని కింద హెపటైటిస్ బి పరీక్షలు, మందులు ఉచితం. జిల్లా ఆసుపత్రిలో అడగండి. ఈఎస్ఐలో కూడా అడగండి. ఉచితంగా దొరికే దాకా కొనే వాడండి. అప్పుల ఒత్తిడిలో ఆ మాత్ర ఒక్క రోజు కూడా మానిపించవద్దమ్మా. ఉన్నట్టుండి ఆపితే వైరస్ తిరగబెట్టి కాలేయం కుప్పకూలే ప్రమాదం ఉంది.

అప్పుల్లో ముందు తీర్చాల్సింది మూడు రూపాయల వడ్డీ. 50,000కు నెలకు 1,500, ఏడాదికి 18,000 పోతోంది. మీ వారి పీఎఫ్ పాస్‌బుక్‌లో ఆయన వాటా 1,12,000 ఉంది. అనారోగ్యం కారణంగా అందులోంచి అడ్వాన్సు తీసుకోవచ్చు, తిరిగి కట్టనవసరం లేదు. పీఎఫ్ ముట్టుకోవద్దని నేను సాధారణంగా గట్టిగా చెబుతాను. ఇక్కడ మాత్రం తీయమంటున్నాను. అందులో ఉన్న 50,000 మీద 8.25 శాతం లెక్కన ఏడాదికి వచ్చేది 4,125. వడ్డీ వ్యాపారికి పోయేది 18,000. 75,000 తీయండి. 50,000తో ఆ అప్పు తీర్చి, రాసిచ్చిన ప్రామిసరీ నోటు వెనక్కు తీసుకుని, మీ కళ్ల ముందే చింపించండి. మిగిలిన 25,000 మీ పేరున వేరే బ్యాంకు ఖాతాలో వేయండి. దాన్ని జ్వరం డబ్బు అనుకోండి. పండగకీ, ఫీజుకీ, చుట్టాల పెళ్లికీ అందులోంచి తీయకూడదు.

బంగారం ఇప్పుడు నెలకు నూటికి రూపాయిన్నర వడ్డీ మీద ఉంది, అంటే నెలకు 1,800. జాతీయ బ్యాంకుకు మార్చుకుంటే ఏడాదికి తొమ్మిది, పది శాతం చుట్టూ పడుతుంది. తొమ్మిదిన్నర అనుకుంటే నెలకు 950. అక్కడ మిగిలే 850, వడ్డీ వ్యాపారికి ఆగిపోయిన 1,500 కలిపితే 2,350. ఆరేడు నెలలు ఈ మొత్తం జ్వరం ఖాతాలో పడితే అది 40,000 అవుతుంది. రాత్రివేళ విశాఖకు బండి, ఆసుపత్రి అడ్వాన్సు, ఓ నెల ఇంటి ఖర్చు దానితో గడుస్తాయి. ఆ తర్వాత అదే 2,350 బంగారం అసలుకు మళ్లించండి. అన్నయ్య గారి 40,000కు వడ్డీ లేదు కాబట్టి చివర తీర్చండి. ఎప్పటి నుంచి ఇస్తారో మాత్రం ఇప్పుడే చెప్పండి.

ఎల్ఐసీ పాలసీ రద్దు చేయవద్దు. అది జబ్బు బయటపడకముందు తీసుకున్నది. సిరోసిస్ ఉందని తెలిశాక మీ వారికి కొత్త జీవిత బీమా దొరకడం చాలా కష్టం, దొరికినా భారీ ప్రీమియం. ఉన్న ఆ కాస్త రక్షణను చేతులారా వదులుకోకండి. మరీ గడ్డుకాలం వస్తే పాలసీ మీద అప్పు తీసుకోండి, పాలసీ నిలుస్తుంది. సుకన్య ఖాతాను అప్పుల కోసం మూయనివ్వరు. మూసే అవసరం కూడా లేదు. ఏడాదికి 250 రూపాయలు కడితే చాలు, ఖాతా నడుస్తుంది. చేతిలో డబ్బు ఆడినప్పుడు ఎక్కువ వేయండి.

ఏజెంటు మాట గురించి చెప్పేటప్పుడు నాకు కోపం ఆగడం లేదు. జబ్బు దాచి పాలసీ తీసుకుంటే క్లెయిము వేళ ఆయన మీ పక్కన నిలబడరు. మీ వారి డిశ్చార్జి కాగితం మొదటి పంక్తిలోనే సిరోసిస్ అని ఉంది. కంపెనీ పాత కాగితాలు అడిగితే అక్కడితో ఆగిపోతుంది. పాలసీ తీసుకుని అరవై నెలలు దాటితే ఎదురు ప్రశ్న ఉండదని ఆయన చెప్పి ఉండవచ్చు. ఆ నియమం నిజమే, కానీ మోసం రుజువైతే అది కూడా వర్తించదు. తెలిసి దాచడం మోసం కిందికే వస్తుంది.

అయితే నిజం రాసి ఒక పాలసీకి ఇప్పుడే దరఖాస్తు పెట్టమంటాను. ఈఎస్ఐ ఉండగా ఎందుకని అడుగుతారు. ఈఎస్ఐ వేతన పరిమితి 21,000. మీ వారి జీతం 20,400. ఆరు వందలకు మించి జీతం పెరిగితే, ఆ చందా కాలం ముగిశాక ఆయన ఈఎస్ఐ నుంచి బయటికి వస్తారు. వైద్యం ఇంకొన్ని నెలలు కొనసాగి ఆగిపోతుంది. జీతం పెరిగిందని మిఠాయి పంచుకునే రోజున మీకు ఈ సంగతి గుర్తుండాలి. పాత జబ్బులకు ఆరోగ్య బీమాలో గరిష్ఠంగా మూడేళ్లు ఆగాలి. ఆ మూడేళ్లు ఈఎస్ఐ నీడలో గడిచిపోతే మంచిది. ఒక కంపెనీ కాదంటే ఇంకో రెండింటిని అడగండి. అదనపు ప్రీమియం వేస్తే ఎంతో రాసి ఇమ్మనండి. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు, వసూలు చేస్తే ప్రశ్నించండి. అందరూ కాదంటే ఆ ప్రీమియం డబ్బును జ్వరం ఖాతాలో వేయండి.

పార్వతీపురం కార్డు వద్దు. అన్నయ్య గారి ప్రేమ అర్థమవుతోంది. సరిహద్దు ఊళ్లలో ఈ మాట ప్రతి ఇంట్లోనూ వింటాను. ఆంధ్ర ప్రభుత్వ పథకం ఆ రాష్ట్ర వాసులకు. రాయగడలో ఉద్యోగం చేస్తున్న మనిషి పేరు అక్కడ ఎక్కిస్తే, తనిఖీలో బయటపడిన రోజు అన్నయ్య గారి కుటుంబం కార్డు కూడా చిక్కుల్లో పడుతుంది. అంత అవసరం కూడా లేదు. ఒడిశాలో ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి 2025 ఏప్రిల్‌లో మొదలయ్యాయి. అర్హత ఉన్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవారికి అదనంగా మరో 5 లక్షలు. పాత జబ్బులకు మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. ఆయుష్మాన్ జాబితాలో ఉన్న ఆసుపత్రి విశాఖలో ఉన్నా పనికొస్తుంది.

మీకు ఆహార భద్రత రేషన్ కార్డు ఉందో లేదో రాయలేదు. అర్హత ఎక్కువగా దాని మీదే ఆధారపడుతుంది. ఉంటే అందులో ముగ్గురి పేర్లూ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయేమో చూడండి. ఒడియాలో ఒక రకంగా, తెలుగులో ఒక రకంగా రాయడం వల్ల పేరు తేడా పడి ఆగిపోయిన కార్డులు మీ వైపు చాలా చూశాను. ఈఎస్ఐ కార్యాలయంలో ఏమన్నారో, కార్డు సంగతి ఏమిటో మళ్లీ రాయండి. అర్జీ మీద వేయించుకున్న ముద్ర ఫోటో కూడా పంపండి.