కార్టింగ్ కోసం ఇంటర్ ఆపేయాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. అబ్బాయి ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరం, పాప తొమ్మిదో తరగతి. హైదరాబాద్‌లో మా తమ్ముడింటికి వెళ్లినప్పుడల్లా ఇద్దరూ గో-కార్టింగ్‌కి వెళ్తుంటారు. ఈమధ్య వాడికి ఎఫ్‌ఐఏ (అంతర్జాతీయ మోటార్ స్పోర్ట్ సమాఖ్య) వాళ్ల కార్టింగ్ స్లాలమ్ అనే అంతర్జాతీయ పోటీ గురించి తెలిసింది. ఎలక్ట్రిక్ కార్ట్‌లు, దేశానికో జట్టు, జట్టులో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి ఉంటారట. చెల్లెల్ని తోడు తీసుకుని అందులోకి వెళ్తాను, ఇంటర్ ఓ ఏడాది ఆపేస్తాను అని పట్టుబట్టి కూర్చున్నాడు. నిజానికి పాపకే వాడికంటే కాస్త మంచి టైమ్ వస్తుంది. అది బరువు తక్కువ కాబట్టే అంటాడు వాడు. మావారేమో ఎవరో అమ్ముతున్న పాత పెట్రోల్ రేసింగ్ కార్ట్‌ని బేరమాడుతున్నారు. ఇందులో కెరీర్ ఉందా? ఏం చేయమంటారు?

జవాబు: ఇంటర్ ఆపొద్దమ్మా. ముందు ఆ మాట చెప్పేస్తే మిగతాది మీరు టెన్షన్ లేకుండా చదువుతారు.

మీ అబ్బాయి చెప్పిన పోటీ నిజంగానే ఉంది. ఎఫ్‌ఐఏ మోటార్‌స్పోర్ట్ గేమ్స్ అని 2019లో రోమ్ దగ్గరి వల్లెలుంగా సర్క్యూట్‌లో మొదలుపెట్టారు. మామూలు రేసుల్లో డ్రైవర్ ఏదో ఒక కంపెనీ టీమ్‌కి నడుపుతాడు. ఇక్కడ ఒలింపిక్స్‌లో లాగా దేశం తరపున నడిపి పతకం కోసం పోటీ పడతారు. మొదటిసారి పెట్టిన విభాగాల్లోనే కార్టింగ్ స్లాలమ్ కూడా ఉంది. రెండోది ఫ్రాన్స్‌లోని మార్సే దగ్గర జరగాల్సింది. కోవిడ్ వల్ల వాయిదా పడి 2022లో అక్కడి పాల్ రికార్ సర్క్యూట్‌లో జరిగింది. మూడోది 2024లో స్పెయిన్‌లోని వలెన్సియాలో. అంటే ఆరేళ్లలో మూడుసార్లు. ఇంత అరుదుగా జరిగే, జీతం ఉండని టీనేజ్ పిల్లల పోటీని నమ్ముకుని ఏడాది చదువు ఆపేస్తే చేతిలో మిగిలేదేమీ ఉండదు. పైగా ఆ మూడూ అక్టోబర్ చివరి వారంలోనో, నవంబర్ మొదట్లోనో జరిగాయి. ఒకవేళ సెలెక్ట్ అయినా కాలేజీకి దూరమయ్యేది కొద్ది రోజులే. దానికి ఏడాదంతా ఎందుకు ఆపాలో వాడినే అడగండి.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట దగ్గరికి వస్తాను. చెల్లెల్ని 'తోడు' తీసుకెళ్తానన్నాడు చూశారా, అక్కడ.

స్లాలమ్‌లో ఒకరినొకరు దాటుకుంటూ వెళ్లే రేసు ఉండదు. కోన్‌లు పెట్టి దారి గీస్తారు. మెలికలు, వెనక్కి తిరిగే మలుపులు, ఇరుకు గేట్లు ఉంటాయి. ఒక్కొక్కరు గడియారంతో పోటీ పడాలి. కోన్ తగిలితే సెకన్లు కలుపుతారు, గేటు తప్పితే ఇంకా ఎక్కువ కలుపుతారు. కార్ట్‌లు నిర్వాహకులే ఇస్తారు, అందరికీ ఒకే రకం. జట్టు ఫలితంలో అబ్బాయి, అమ్మాయి ఇద్దరి పరుగులూ లెక్కకొస్తాయి. కాబట్టి ఇందులో తోడు సీటంటూ ఏదీ లేదు. రెండూ డ్రైవర్ సీట్లే. ఇంకో సంగతి, అన్నాచెల్లెళ్లు జంటగా అప్లై చేసుకుంటే తీసుకునే పోటీ కాదిది. దేశం తన తరపున ఒక అబ్బాయిని, ఒక అమ్మాయిని విడివిడిగా ఎంచి పంపుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. మన దగ్గర కార్టింగ్ ట్రాక్‌ల మీద సీరియస్‌గా నడిపేవాళ్లలో మగపిల్లలే ఎక్కువ. అబ్బాయి సీటు కోసం బెంగళూరు, చెన్నై, ముంబై, పుణెల నుంచి ఎనిమిది తొమ్మిదేళ్ల వయసులోనే మొదలుపెట్టిన పిల్లలు వస్తారు. పదహారేళ్లకు ఆదివారం కార్టింగ్‌తో మొదలుపెట్టిన కుర్రాడు వాళ్లను దాటడం చాలా కష్టం. అమ్మాయి సీటుకి అంత రద్దీ లేదు. తేలిక అనడం లేదు, రద్దీ తక్కువ అంటున్నాను. పైగా వయసు. ప్రతిసారీ ఆ ఏడాది నిబంధనల్లో వయసు హద్దు ఇస్తారు. తర్వాతి పోటీ వచ్చేసరికి మీ అబ్బాయి ఆ హద్దు దాటిపోవచ్చు, పాపకి ఇంకా టైమ్ ఉంటుంది. కాబట్టి మీ ఇంట్లో ఈ పోటీ గురించి ఆలోచించాల్సింది ఎవరైనా ఉంటే అది పాపే. దానికి ఇష్టం ఉందా అని మాత్రం మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ముందు దాన్ని అడగండి.

బరువు గురించి మీ అబ్బాయి చెప్పింది పూర్తిగా తప్పు కాదు. అద్దె కార్ట్‌లకి పవర్ తక్కువ, అందుకే పది పదిహేను కిలోల తేడా టైమ్‌లో కనిపిస్తుంది. అసలు పోటీల్లో ఈ గొడవ రాకుండా డ్రైవర్, కార్ట్ కలిపి కనీసం ఇంత బరువు ఉండాలని పెడతారు. తక్కువున్నవాళ్లు సీటుకి సీసం దిమ్మెలు బిగించుకుంటారు. మీరూ అదే చేయించండి. ట్రాక్ వాళ్లను అడిగి, తేడా ఉన్నంత బరువు పాప కార్ట్‌కి గట్టిగా బిగించమనండి. వాళ్లే బిగించాలి, మీరు ఒళ్లో సంచీ పెట్టి పంపకూడదు. ఇద్దరినీ ఒకే కార్ట్‌లో, ఒకరి తర్వాత ఒకరిని నడపమనండి. రద్దీ లేని వేళ అనుమతి తీసుకుని కోన్‌లు పెట్టించగలిగితే ఇంకా మంచిది. ఒక్క బెస్ట్ టైమ్ చూసి మురిసిపోవద్దు. వరసగా చేసిన పరుగుల్లో కోన్ తగలనివి ఎన్ని, వాటి మధ్య తేడా ఎంత అన్నది రాసుకోండి. ఒకసారి మెరుపులా వెళ్లి మూడుసార్లు కోన్‌లు పడేసేవాళ్ల కంటే ప్రతిసారీ దాదాపు ఒకే టైమ్ తెచ్చేవాళ్లు ఈ ఆటకి పనికొస్తారు.

ఎలక్ట్రిక్ కార్ట్‌తో ఒక చిక్కుంది, పిల్లలకి చెప్పండి. పెట్రోల్ ఇంజిన్ వేగం పుంజుకున్నాక లాగుతుంది. మోటార్ నిలబడ్డ చోటు నుంచే పూర్తి బలంతో లాగుతుంది. మలుపులో రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ కార్ట్‌కి ఉండదు, వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకి బిగించి ఉంటాయి. అందుకని మలుపులో లోపలివైపు వెనక చక్రం కాస్త తేలాలి, లేకపోతే కార్ట్ తిరగనని మొరాయిస్తుంది. ఆ క్షణంలో యాక్సిలరేటర్‌ని స్విచ్ నొక్కినట్టు తొక్కితే వెనకభాగం జారి కోన్ మీదికి పోతుంది. నెమ్మదిగా, కొలిచినట్టు తొక్కడం నేర్చుకోవాలి. దారిని ముందే కాలినడకన తిరిగి గుర్తుపెట్టుకోవడం కూడా ఈ ఆటలో సగం పని. జర్మనీలో ఏడీఏసీ అనే పెద్ద వాహనదారుల సంఘం క్లబ్బులు ఖాళీ స్థలాల్లో కోన్‌లు పెట్టి పిల్లలకి ఎన్నో ఏళ్లుగా ఇదే నేర్పుతున్నాయి. కార్ట్ క్లబ్బుది, పిల్లలు వంతులవారీగా నడుపుతారు. మోటార్ స్పోర్ట్‌లో ఇంత చవకగా మొదలుపెట్టే దారి ఇంకోటి లేదు. మన దగ్గర అలాంటి క్లబ్బుల అలవాటు లేకపోవడం నిజంగా లోటే.

ఇక దారి. మన దేశంలో ఈ క్రీడకి గుర్తింపు ఉన్న సమాఖ్య చెన్నై కేంద్రంగా ఉన్న ఎఫ్‌ఎంఎస్‌సీఐ. ఎఫ్‌ఐఏ గేమ్స్‌కి భారత జట్టు వెళ్లాలంటే దాని ద్వారానే వెళ్లాలి. పోటీ లైసెన్స్ ఇచ్చేదీ అదే. కాబట్టి ఎవరైనా "ఇంత కట్టండి, ఇండియా టీమ్‌లో వేయిస్తాం" అంటే ఫోన్ పెట్టేయండి. ఈ రంగంలో పేరు చివర 'ఇంటర్నేషనల్' తగిలించుకున్న శిక్షణ ప్యాకేజీలకు కొదవ లేదు. పాపకి ఇష్టముండి, బరువు పరీక్షలో కూడా టైమ్ నిలబడితే మంచి కోచ్ ఉన్న ట్రాక్‌లో కొన్ని సెషన్లు, ఆ తర్వాత లైసెన్స్, ఏదో ఒక స్థానిక పోటీ. జాతీయ రోటాక్స్ మ్యాక్స్ కార్టింగ్ ఛాంపియన్‌షిప్ లాంటివి ఆ తర్వాతి మెట్టు. అక్కడి నుంచి ఖర్చు లక్షల్లోకి వెళ్తుంది. టైర్లు, ఇంజిన్, మెకానిక్, ప్రయాణాలు అన్నీ మీవే. ఆ మెట్టు ఎక్కే ముందు భార్యాభర్తలిద్దరూ కూర్చుని, ఏడాదికి ఎంత పోయినా ఇల్లు కదలదో ఒక అంకె రాసుకోండి. అప్పు చేసి మాత్రం ఎక్కొద్దు.

డ్రైవర్‌గా కెరీర్ ఉందా అంటే, ఉంది, వేళ్ల మీద లెక్కపెట్టేంత మందికి. 2011లో ఫార్ములా 1 టీమ్ సహారా ఫోర్స్ ఇండియా దేశమంతా వెతికి కార్టింగ్ పిల్లలను ఎంపిక చేసినప్పుడు గెలిచినవాళ్లలో ముంబై కుర్రాడు జెహాన్ దారువాలా ఒకడు. అప్పటికి అతనికి పదమూడేళ్లు. ఆ తర్వాత ఏళ్ల తరబడి యూరప్‌లో నడిపి, ఫార్ములా 1కి కింది మెట్టయిన ఫార్ములా 2 దాటి, 2023-24 సీజన్‌లో 'ఫార్ములా ఈ' అనే ఎలక్ట్రిక్ కార్ల రేసుల్లో పూర్తి సీజన్ సీటు సంపాదించాడు. అంత ప్రతిభ, అంత అండ ఉన్నవాడికే పన్నెండేళ్లు పట్టింది. అమ్మాయిలకు ఒక చిన్న తలుపు తెరుచుకుంటోంది. 2022లో మొదలైన ఇండియన్ రేసింగ్ లీగ్‌లో ప్రతి జట్టులో ఒక మహిళా డ్రైవర్ ఉండాలని పెట్టారు. మంచిదే. అయినా దాన్ని చూసి జీవితం ప్లాన్ చేయలేం. హైదరాబాద్‌నే చూడండి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగితే ఊరంతా కదిలింది. మరుసటి ఏడాది రేసు రద్దయింది. రేసులు వస్తాయి, పోతాయి.

ఉద్యోగాలు మాత్రం ఎలక్ట్రిక్ బండి చుట్టూ ఉన్నాయి, మీ అబ్బాయికి నేను చెప్పదలిచింది అదే. వాడు ఎంపీసీలో ఉన్నాడు, సరైన చోటే ఉన్నాడు. మోటార్ కంట్రోల్, బ్యాటరీ మేనేజ్‌మెంట్, బండి నుంచి వచ్చే డేటా చదవడం, ఈ మూడింట్లో ఏది వచ్చినా పని దొరుకుతుంది. హైదరాబాద్‌లోనే వాహన విడిభాగాలు చేసే జడ్‌ఎఫ్, హ్యుందాయ్ మోబిస్‌ల టెక్నాలజీ సెంటర్లు ఉన్నాయి, ఎలక్ట్రిక్ బస్సులు చేసే ఒలెక్ట్రా ఉంది. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా బ్యాటరీల ప్రాజెక్టు ఉంది. ఈఏపీసెట్ రాసి ట్రిపుల్‌ఈ గానీ మెకానికల్ గానీ తీసుకోమనండి. 'ఈవీ టెక్నాలజీ' అని కొత్త పేరు పెట్టిన బ్రాంచి చూసి ఆశపడొద్దు. పునాది సబ్జెక్టులు వస్తే ఈవీ నాలుగు నెలల్లో పట్టుకోవచ్చు, అటునుంచి ఇటు రావడమే కష్టం.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ఒక పని చేయండి. ఫార్ములా భారత్, బాహా ఎస్‌ఏఈ ఇండియా అని ఇంజినీరింగ్ విద్యార్థులు బండిని తామే డిజైన్ చేసి, తయారుచేసి, నడిపే పోటీలున్నాయి. రెండింట్లోనూ ఎలక్ట్రిక్ విభాగాలున్నాయి. ఫార్ములా భారత్‌కి టీమ్‌లు కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వేకి వెళ్తుంటాయి. కాలేజీకి అలాంటి టీమ్ ఉందా అని అడిగి, ఉందంటే వాళ్ల షెడ్ చూపించమనండి. గ్రీజు మరకలతో పిల్లలు కనిపిస్తే మంచి గుర్తు. తాళం వేసి, గోడ మీద ఐదేళ్ల కిందటి ఫొటో చూపిస్తే అక్కడినుంచి బయటికొచ్చేయండి. అలాంటి టీమ్‌లో రెండేళ్లు పనిచేసిన కుర్రాడికి ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి సొంత మాటలుంటాయి. అక్కడ వాడికి డ్రైవర్ సీటు కూడా దొరకొచ్చు. స్పోర్ట్స్ కోటా లెక్కలు మాత్రం వేసుకోవద్దు. ఆ ఏడాది ప్రవేశాల జాబితాలో ఈ ఆట పేరు కళ్లారా చూస్తే తప్ప.

ఈలోగా ఆదివారాలు ట్రాక్‌కి వెళ్లనివ్వండి, పరీక్షల ముందు తప్ప. జాగ్రత్తలు రెండే. పాప జుట్టు గట్టిగా ముడి వేసి హెల్మెట్ లోపలికి దోపాలి. చున్నీ, వదులు బట్టలు వద్దు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ శివార్లలో కార్ట్ చక్రంలో జుట్టు చుట్టుకుని ఒక అమ్మాయి ప్రాణం పోయింది. ఎలక్ట్రిక్ అయినా ఇరుసు అలాగే తిరుగుతుంది. రెండోది, ట్రాక్ మీద బాగా నడుపుతున్నారని రోడ్డు మీద బండి ఇవ్వొద్దు. మైనర్ బండి నడిపి మోటారు వాహనాల చట్టం కింద నేరం చేస్తే, ఆ చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత తల్లిదండ్రులకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు. ఆ పిల్లలకి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ కూడా ఇవ్వరు.

మీవారి బేరం సంగతి. ఆ పాత కార్ట్ వద్దని చెప్పండి. ఖమ్మంలో దాన్ని నడపడానికి చోటేది? ప్రతిసారీ ట్రాలీ మీద హైదరాబాద్ తీసుకెళ్లాలి. టూ-స్ట్రోక్ రేసింగ్ ఇంజిన్‌ని కొన్ని గంటల వాడకానికోసారి విప్పి బిగించాల్సి ఉంటుంది. మీ పిల్లలు చూస్తున్న పోటీలో కార్ట్ ఎలాగూ వాళ్లే ఇస్తారు, అదీ ఎలక్ట్రిక్. ఆ డబ్బులో కొంత పెట్టి ఇద్దరికీ సైజుకి సరిపోయే మంచి హెల్మెట్లు, పక్కటెముకలకు రక్షణ కవచాలు కొనండి. మిగతాది పాప కోచింగ్ సెషన్లకి ఉంచండి, అదీ పాప సరేనంటేనే.