52లోంచి 27 తీస్తే పిల్లలు 35 రాస్తుంటే

మీ మూడో క్లాసు పిల్లలకి తీసివేత రాక కాదు మేడమ్, 2లోంచి 7 పోదు కాబట్టి తిప్పేసి 7లోంచి 2 తీసేస్తున్నారు, అందుకే 35.

1. పొరకపుల్లలు పదేసి కట్టి రబ్బరుబ్యాండ్ వెయ్యండి. 5 కట్టలు, 2 విడిపుల్లలు.

2. చాలామంది వదిలేసేది ఇదే. "పక్కన అప్పు తెచ్చుకో" అనేసి బోర్డు మీదికి పోతారు. అట్ల కాదు, పిల్లోడి చేతనే ఒక కట్ట ఇప్పించి లెక్కపెట్టించండి, విడివి 12 అయినాయి, కట్టలు 4 మిగిలినాయి, మొత్తం ఇంకా 52 యేనా అని అడగండి, అవునని వాళ్లే చెప్పాల.

3. ఇప్పుడు 7 పుల్లలు, 2 కట్టలు తీయించండి. 25.

మీది ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్ మిషన్) స్కూలే కదా, జపమాలలో పదేసి పూసల వరసలు 5 ఉంటాయి, కట్టలంటే ఏందో దాంతో మొదలుపెట్టండి, మా చిత్తూరు పిల్లలకి తొందరగా ఎక్కింది.