ఉప్పల్‌లో వన్డే: ఏ స్టాండ్ టికెట్ కొనాలి?

ప్రశ్న: ఉప్పల్‌లో డే నైట్ వన్డేకి అమ్మానాన్నలను తీసుకెళ్లాలని ఉంది. ఎక్కడ కూర్చుంటే బాగుంటుంది? టికెట్లు నిమిషాల్లో అయిపోతున్నాయి, ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, వరంగల్

జవాబు: పెద్దవాళ్లు వస్తున్నారు కాబట్టి ముందు ఎండ సంగతి చూడండమ్మా. పిచ్ ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. మధ్యాహ్నం ఒకటిన్నరకు ఆట మొదలైతే, తూర్పు స్టాండ్‌లో వాళ్లకు పొద్దుగూకేదాకా ఎండ మొహం మీదే. పడమటి వైపు తీసుకుంటే నీడ వెనక నుంచి ముందుకు జరుగుతూ వస్తుంది. అందులోనూ పై వరుసలకే ముందు నీడ. మోకాళ్ల నొప్పులుంటే మాత్రం మరీ పైకి వద్దు, మెట్లు నిటారుగా ఉంటాయి.

బంతి స్వింగయ్యేది, తిరిగేది తెలియాలంటే బౌలర్ వెనక వైపు కూర్చోవాలి. పక్క నుంచి చూస్తే బంతి ఎక్కడ పడిందో, రనౌట్లు ఎలా అయ్యాయో బాగా తెలుస్తుంది. ముందు నాలుగైదు వరుసలకు ఆశపడకండి. ప్రకటన బోర్డులు, కంచె, లేచి నిలబడే జనం అన్నీ అడ్డమే.

బుకింగ్‌కి ముందురోజే లాగిన్ అయి, యూపీఐ పనిచేస్తోందో లేదో చూసుకోండి. రెండు స్టాండ్లు ముందే అనుకోండి. ఆన్‌లైన్ క్యూలో ఉండగా పేజీ రిఫ్రెష్ చేస్తే వరుస పోవచ్చు. ఎంచుకున్న సీటు కొద్ది నిమిషాలే ఆగుతుంది, డబ్బు వెంటనే కట్టేయండి.

వాట్సాప్‌లో టికెట్ ఫొటో పంపి అమ్మేవాళ్ల దగ్గర అసలు కొనొద్దు. అదే క్యూఆర్ కోడ్‌ను పదిమందికి అమ్మినా, గేటు దగ్గర ముందు స్కాన్ అయినవాళ్లే లోపలికి వెళ్తారు.